ప్రభుత్వ కొనుగోళ్ళలో దేశీయ ఉత్పత్తులకు ప్రాధాన్యం - నిబంధనలు, ఆచరణ

దేశంలోకెల్లా పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. ఆసుపత్రికి మంచం, పాఠశాలకు బల్ల, రైలు మార్గానికి పట్టా, విద్యుత్ కేంద్రానికి బాయిలరు, కార్యాలయానికి కంప్యూటరు - ఇవన్నీ ప్రజాధనంతో కొనుగోలు చేసే వస్తువులే. ఈ ధనాన్ని వెచ్చించే అధికారిపై రెండు బాధ్యతలు ఉన్నాయి. వెచ్చించిన ప్రతి రూపాయికీ తగిన విలువ రాబట్టడం మొదటిది. ఆ రూపాయి సాధ్యమైనంత మేరకు దేశంలోని కర్మాగారాలకు, కార్మికులకు చేరేటట్లు చూడడం రెండవది. ఈ రెండు బాధ్యతలను సమన్వయపరచే నిమిత్తం రూపొందినవే దేశీయ ఉత్పత్తులకు ప్రాధాన్యమిచ్చే కొనుగోలు నిబంధనలు.

ఈ నిబంధనల విషయంలో ఉత్పత్తిదారులలోను, కొనుగోలు అధికారులలోను ఒక అపోహ బలంగా ఉంది. దేశీయ వస్తువుకు ప్రభుత్వం ఎక్కువ ధర చెల్లిస్తుందని చాలామంది భావిస్తారు. 2017 నాటి ప్రధాన ఉత్తర్వు చెబుతున్నది అది కాదు. తక్కువ ధర పలికిన పోటీదారుకు సమానమైన ధరకు సరఫరా చేసే అవకాశాన్ని దేశీయ ఉత్పత్తిదారుకు ముందుగా కల్పించడమే ఇందులోని ప్రాధాన్యం. ఇది ధరలో రాయితీ కాదు, అవకాశంలో ప్రాధాన్యం. ఈ తేడాను గ్రహించినప్పుడే నిబంధనలలోని మిగిలిన అంశాలు సుబోధకమవుతాయి.

నేపథ్యం

వలస పాలనలో భారత ప్రభుత్వానికి అవసరమైన సామగ్రిలో అధిక భాగం లండన్ నుంచే కొనుగోలు అయ్యేది. ఇక్కడ తయారయ్యే వస్తువులకు ఇక్కడి ప్రభుత్వమే ఆదరణ చూపడం లేదన్న విమర్శ స్వదేశీ ఉద్యమ కాలంలో ప్రబలింది. 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ ఏర్పాటైన తరువాత దేశంలోనే కొనుగోలు చేసే విధానం క్రమంగా బలపడింది. స్వాతంత్ర్యానంతరం సరఫరాలు, పారవేతల డైరెక్టరేట్ జనరల్ ఈ బాధ్యతను దశాబ్దాల పాటు నిర్వహించింది. ఆ సంస్థను 2017 అక్టోబరులో మూసివేశారు. 2016 ఆగస్టు 9న ప్రారంభమైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ (జెమ్) ఆ స్థానాన్ని ఆక్రమించింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఈ వేదికపై జరిగిన కొనుగోళ్ళ విలువ 5 లక్షల కోట్ల రూపాయలను మించింది.

దేశీయ ఉత్పత్తులకు ప్రాధాన్యం కల్పిస్తూ కేంద్ర ప్రభుత్వం 2017 జూన్ 15న పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ (ప్రిఫరెన్స్ టు మేక్ ఇన్ ఇండియా) ఉత్తర్వును జారీ చేసింది. సాధారణ ఆర్థిక నిబంధనలు-2017లోని 153వ నిబంధన దీనికి ఆధారం. 2018, 2019, 2020, 2024 సంవత్సరాలలో ఈ ఉత్తర్వును సవరించారు. వీటిలో 2020 నాటి సవరణలు అత్యంత కీలకమైనవి. సరఫరాదారులను తరగతులుగా విభజించే పద్ధతి వాటితోనే అమలులోకి వచ్చింది.

స్థానిక సరఫరాదారు ఎవరు?

సంస్థ యజమాని ఏ దేశస్థుడు, కంపెనీ ఎక్కడ నమోదయింది అన్న ప్రాతిపదికన కాక, వస్తువు విలువలో ఎంత భాగం దేశంలో చేకూరింది అన్న ప్రాతిపదికన ఈ ఉత్తర్వు సరఫరాదారులను మూడు తరగతులుగా విభజించింది.

వస్తువు విలువలో 50 శాతం లేదా అంతకు మించి దేశీయ వాటా ఉంటే ఆ సరఫరాదారు ఒకటవ తరగతి స్థానిక సరఫరాదారు అవుతారు. దేశీయ వాటా 20 శాతం లేదా అంతకు మించి ఉండి 50 శాతానికి తక్కువైతే రెండవ తరగతి స్థానిక సరఫరాదారు. 20 శాతం కంటే తక్కువైతే స్థానికేతర సరఫరాదారు. ఆయా రంగాలకు బాధ్యత వహించే మంత్రిత్వ శాఖలు తమ వస్తువులకు ఇంతకంటే ఎక్కువ వాటాను నిర్ణయించవచ్చు. కాబట్టి టెండరులో పాల్గొనే ముందు ఆ వస్తువుకు సంబంధించిన శాఖ నోటిఫికేషన్‌ను పరిశీలించడం తప్పనిసరి.

ఈ పద్ధతి ప్రకారం విదేశీ సంస్థ అయినా ఇక్కడ కర్మాగారం స్థాపించి విలువలో సగానికి పైగా ఇక్కడే చేకూర్చితే ఒకటవ తరగతికి అర్హత పొందవచ్చు. పేరుకు దేశీయ సంస్థ అయినా, విదేశాల నుంచి వస్తువును తెప్పించి తన పేరు అతికించి విక్రయించే పక్షంలో ఈ అర్హత లభించదు.

దేశీయ వాటాను లెక్కించే విధానం

దేశీయ పరోక్ష పన్నులను మినహాయించగా మిగిలిన వస్తువు విలువ నుంచి, అందులో వాడిన దిగుమతి భాగాల విలువను కస్టమ్స్ సుంకాలతో సహా తీసివేయాలి. మిగిలినదే దేశీయ విలువ. అది మొత్తం విలువలో ఎంత శాతమో లెక్కిస్తే దేశీయ వాటా తెలుస్తుంది.

ఊహాత్మకంగా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఉత్పత్తిదారు ఆసుపత్రులలో రోగి పరిస్థితిని గమనించే మానిటరును పన్నులు మినహా 56,000 రూపాయలకు ఇవ్వజూపారు. అందులోని తెర, సెన్సర్లు, చిప్‌లు దిగుమతి అయినవి. సుంకాలతో కలిపి వాటి విలువ 22,400 రూపాయలు. మిగిలిన 33,600 రూపాయలు దేశీయ విలువ. అంటే దేశీయ వాటా 60 శాతం. ఈ ఉత్పత్తిదారు ఒకటవ తరగతికి చెందుతారు.

ఈ లెక్కలో రెండు పొరపాట్లకు తావుంది. దిగుమతి అయిన భాగాన్ని స్థానిక దుకాణంలో కొన్నంత మాత్రాన అది దేశీయం కాజాలదు. బిల్లు హైదరాబాదుదో విజయవాడదో అయినా భాగం విదేశీ అయితే దాని విలువను దిగుమతి కిందనే చూపాలి. ఇక రవాణా, బీమా, అమరిక, శిక్షణ, అమ్మకం తరువాతి సేవ, వార్షిక నిర్వహణ వంటి ఖర్చులను దేశీయ విలువగా చూపరాదని కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ 2021 మార్చి 4న స్పష్టం చేసింది. యంత్రాన్ని పూర్తిగా దిగుమతి చేసుకుని, దానిని బిగించి ఇచ్చే ఖర్చుతో దేశీయ వాటాను పెంచి చూపే ధోరణిని అరికట్టడం ఈ స్పష్టీకరణ ఉద్దేశం.

టెండరులో ప్రాధాన్యం అమలయ్యే తీరు

ఒక వస్తువు విషయంలో దేశంలో తగినంత ఉత్పత్తి సామర్థ్యం, తగినంత పోటీ ఉన్నాయని సంబంధిత మంత్రిత్వ శాఖ ప్రకటించినట్లయితే, కొనుగోలు విలువ ఎంతైనా ఆ వస్తువు టెండరులో ఒకటవ తరగతి సరఫరాదారులే పాల్గొనాలి. అటువంటి ప్రకటన లేని వస్తువుల దేశీయ టెండర్లలో ఒకటవ, రెండవ తరగతుల వారు పాల్గొనవచ్చు. స్థానికేతర సరఫరాదారులకు గ్లోబల్ టెండర్లలో మాత్రమే ప్రవేశం ఉంటుంది. 200 కోట్ల రూపాయల వరకు విలువ గల కొనుగోళ్ళకు, ప్రత్యేక అనుమతి లేకుండా గ్లోబల్ టెండర్లు పిలవరాదని 2020 మే నెలలో నిబంధన విధించారు. శాస్త్ర పరిశోధన సంస్థల అవసరాల దృష్ట్యా, పరిశోధన పరికరాల విషయంలో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని 2025 జూన్‌లో ఆ సంస్థల డైరెక్టర్లకు, ఉపకులపతులకు అప్పగించారు.

రెండు తరగతుల వారూ పోటీపడే టెండరులో కొనుగోలు ప్రాధాన్యం ఒకటవ తరగతి వారికి మాత్రమే లభిస్తుంది. పైన పేర్కొన్న మానిటర్లనే మళ్ళీ పరిశీలిద్దాం. 400 మానిటర్లకు టెండరు పిలవగా ముగ్గురు పాల్గొన్నారనుకుందాం. దేశీయ వాటా 30 శాతం గల మొదటి సంస్థ ఒక్కొక్క మానిటరుకు 50,000 రూపాయలు, 60 శాతం వాటా గల రెండవ సంస్థ 56,000 రూపాయలు, 65 శాతం వాటా గల మూడవ సంస్థ 63,000 రూపాయలు పేర్కొన్నాయి. అందరికంటే తక్కువ ధర, అంటే ఎల్1, మొదటి సంస్థది. అది రెండవ తరగతికి చెందినది.

మానిటర్ల ఆర్డరును విభజించడానికి వీలుంది కాబట్టి అందులో సగం, అంటే 200 మానిటర్లు, 50,000 రూపాయల ధరకు మొదటి సంస్థకు దక్కుతాయి. మిగిలిన 200 మానిటర్ల నిమిత్తం ఒకటవ తరగతి వారిలో తక్కువ ధర పేర్కొన్న సంస్థను పిలుస్తారు. ఆ సంస్థ మొదట పేర్కొన్న ధర ఎల్1 కంటే 20 శాతానికి మించి ఎక్కువ ఉండరాదు. ఇక్కడ ఆ పరిమితి 60,000 రూపాయలు. 56,000 రూపాయలు పేర్కొన్న రెండవ సంస్థ పరిమితి లోపల ఉంది. అది 50,000 రూపాయలకే సరఫరా చేయడానికి అంగీకరిస్తే మిగిలిన 200 మానిటర్ల ఆర్డరు దానికి లభిస్తుంది. మూడవ సంస్థ ధర పరిమితిని దాటింది కాబట్టి దానికి పిలుపు రాదు. రెండవ సంస్థ అంగీకరించని పక్షంలో మొత్తం 400 మానిటర్లూ మొదటి సంస్థకే దక్కుతాయి.

విభజించడానికి వీలు కాని కొనుగోళ్ళలో, పరిమితి లోపల ఉన్న ఒకటవ తరగతి సంస్థ ఎల్1 ధరకు అంగీకరిస్తే మొత్తం కాంట్రాక్టు దానికే లభిస్తుంది. ఎవరూ అంగీకరించకపోతే ఎల్1 సంస్థకు ఇస్తారు.

ఈ ఉదాహరణలో ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా అదనంగా చెల్లించలేదని గమనించాలి. భారమంతా రెండవ సంస్థపై పడింది. ఆర్డరు కావాలంటే ఒక్కొక్క మానిటరుపై 6,000 రూపాయల చొప్పున మొత్తం 12 లక్షల రూపాయలు అది వదులుకోవలసి ఉంటుంది. ఆ ధరకు సరఫరా చేసి నిలదొక్కుకోగలదా లేదా అన్నది ఆ సంస్థ ముందుగానే లెక్క వేసుకోవాలి.

ధర తగ్గించినప్పుడు దేశీయ వాటా శాతం కూడా తగ్గుతుందన్న సంగతిని చాలామంది గమనించరు. పై సంస్థ దిగుమతి భాగాల విలువ 22,400 రూపాయలు కాబట్టి 50,000 రూపాయల ధరపై కూడా దేశీయ వాటా 55.2 శాతంగా ఉంటుంది. అదే దిగుమతి భాగాల విలువ 26,000 రూపాయలై ఉంటే 56,000 ధరపై వాటా 53.6 శాతం, 50,000 ధరపై 48 శాతం. అంటే ధర తగ్గించినందువల్లనే వాటా 50 శాతం గీత కిందికి జారుతుంది. కాబట్టి గీతకు దగ్గరగా ఉన్న ఉత్పత్తిదారులు తాము పేర్కొన్న ధరపైనే కాక, తగ్గించవలసి రాగల ధరపై కూడా లెక్క చూసుకుని ధ్రువపత్రం ఇవ్వడం మంచిది.

ఎవరికి వర్తిస్తుంది?

కేంద్ర మంత్రిత్వ శాఖలు, వాటి అనుబంధ కార్యాలయాలు, స్వయంప్రతిపత్తి గల సంస్థలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఈ ఉత్తర్వును పాటించాలి. కేంద్రం పూర్తిగా గాని, పాక్షికంగా గాని నిధులు సమకూర్చే పథకాలలో రాష్ట్రాలు, స్థానిక సంస్థలు చేసే కొనుగోళ్ళు కూడా దీని పరిధిలోకి వస్తాయి. జిల్లా, మండల స్థాయిలో కొనుగోళ్ళు నిర్వహించే అధికారులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పూర్తిగా రాష్ట్ర నిధులతో జరిగే కొనుగోళ్ళకు ఆయా రాష్ట్ర ప్రభుత్వాల నిబంధనలు వర్తిస్తాయి.

అంచనా విలువ 5 లక్షల రూపాయల కంటే తక్కువ గల కొనుగోళ్ళకు మినహాయింపు ఉంది. అయితే ఈ మినహాయింపు కోసం పెద్ద కొనుగోలును చిన్న చిన్న ముక్కలుగా విడదీయడాన్ని ఉత్తర్వు నిషేధించింది.

సూక్ష్మ, చిన్న సంస్థలకు ప్రత్యేక విధానం

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం-2006 కింద జారీ అయిన మరొక ఉత్తర్వు 2012 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. తొలుత 20 శాతంగా ఉన్న ఈ లక్ష్యాన్ని 2018లో 25 శాతానికి పెంచారు. ఇందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల యాజమాన్యంలోని సంస్థలకు, 3 శాతం మహిళల యాజమాన్యంలోని సంస్థలకు ఉద్దేశించారు. 358 వస్తువులను పూర్తిగా సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనడానికి ప్రత్యేకించారు.

ఇక్కడ కూడా ప్రాధాన్యం స్వరూపం అదే. ఎల్1 ధరకు 15 శాతం పరిమితి లోపల ధర పేర్కొన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ ఎల్1 ధరకు అంగీకరిస్తే ఆర్డరులో దానికి వాటా లభిస్తుంది. టెండరు పత్రాలు ఉచితంగా ఇవ్వడం, ధరావతు సొమ్ము నుంచి మినహాయింపు అదనపు సౌకర్యాలు. ఇందుకు ఉద్యమ్ నమోదు అవసరం. ఈ సౌకర్యాలు స్వయంగా ఉత్పత్తి చేసే, సేవలు అందించే సంస్థలకే గాని, వస్తువులు కొని అమ్మే వర్తకులకు కావు. 2012, 2017 ఉత్తర్వులు రెండూ ఒకే టెండరుకు వర్తించినప్పుడు అనుసరించవలసిన క్రమాన్ని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2023 మే నెలలో వివరించింది.

ఆర్డరు లభించడంతోనే చిన్న సంస్థ కష్టాలు తీరవు. సరఫరా చేసిన వస్తువుకు సకాలంలో సొమ్ము అందకపోతే బ్యాంకు వడ్డీ, కార్మికుల వేతనం, ముడిసరుకు బాకీ ఏకకాలంలో మీద పడతాయి. ఒప్పందంలో ఏమి రాసుకున్నా సూక్ష్మ, చిన్న సంస్థకు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం నిర్దేశించింది. జాప్యం జరిగితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీ చెల్లించాలి. ఇందుకోసం రాష్ట్రాలలోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్ళను ఆశ్రయించవచ్చు.

ధ్రువీకరణ, చర్యలు

దేశీయ వాటాను సరఫరాదారే స్వయంగా ధ్రువీకరించాలి. వస్తువు ఎక్కడ తయారయిందో, విలువ ఎక్కడ చేకూరిందో అందులో పేర్కొనాలి. కొనుగోలు విలువ 10 కోట్ల రూపాయలకు మించితే కంపెనీల విషయంలో చట్టబద్ధ ఆడిటరు లేదా కాస్ట్ ఆడిటరు, ఇతర సంస్థల విషయంలో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంటు లేదా కాస్ట్ అకౌంటెంటు ధ్రువపత్రం సమర్పించాలి.

అసత్య ధ్రువీకరణ సమర్పించిన సరఫరాదారును గరిష్ఠంగా రెండు సంవత్సరాల పాటు ప్రభుత్వ కొనుగోళ్ళ నుంచి నిషేధించవచ్చు. ఒక సంస్థ అసత్య ధ్రువపత్రంతో ఆర్డరు పొందిందంటే, నిజంగా ఇక్కడ తయారు చేసిన మరొక సంస్థకు న్యాయంగా దక్కవలసిన ఆర్డరు చేజారిందని అర్థం. ప్రజాధనం దేశీయ ఉత్పత్తి పేరున దిగుమతికే చేరుతుంది. అందువల్ల ధ్రువపత్రాల తనిఖీని లాంఛనంగా భావించరాదు. జెమ్ వేదికపై వస్తువు ఏ దేశంలో తయారయిందో తెలపడాన్ని 2020 జూన్‌లో తప్పనిసరి చేశారు.

టెండరు పత్రమే అసలు ద్వారం

కొనుగోలు ప్రాధాన్యం ధరలు తెరిచిన తరువాత అమలయ్యే నిబంధన. అంతకు ముందే, అర్హత నిబంధనల దగ్గరే దేశీయ ఉత్పత్తిదారును నిరోధిస్తే ప్రాధాన్యం కాగితానికే పరిమితమవుతుంది. ఫలానా విదేశీ కంపెనీ నమూనాయే కావాలనడం, దేశంలో గుర్తింపు పొందిన ప్రమాణాలు ఉండగా విదేశీ ధ్రువపత్రమే కావాలని పట్టుబట్టడం, ఆర్డరు పరిమాణంతో పొంతన లేని వార్షిక టర్నోవరు కోరడం, ఇంతకు ముందు విదేశాలకు సరఫరా చేసిన అనుభవం ఉండాలనడం ఇటువంటి అవరోధాలు. సహేతుకం కాని సాంకేతిక ప్రమాణాలు, బ్రాండ్లు, విదేశీ ధ్రువపత్రాల షరతులు వివక్షతో కూడినవని ఉత్తర్వు స్పష్టంగా పేర్కొంది.

ఇటువంటి షరతు కనిపించినప్పుడు దరఖాస్తు గడువు ముగియక ముందే, టెండరుకు ముందు జరిగే సమావేశంలో గాని, రాతపూర్వకంగా గాని అభ్యంతరం తెలపాలి. కాంట్రాక్టు ఖరారైన తరువాత చేసే ఫిర్యాదుతో ఫలితం లభించడం కష్టం.

అంతర్జాతీయ ఒప్పందాలు

దిగుమతి వస్తువులపై దేశంలో వివక్ష చూపరాదన్నది గాట్ ఒప్పందంలోని మౌలిక సూత్రం. అయితే ప్రభుత్వాలు తమ సొంత అవసరాలకు చేసే కొనుగోళ్ళను ఆ ఒప్పందపు 3వ అధికరణంలోని 8వ పేరా ఈ సూత్రం నుంచి మినహాయించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ప్రభుత్వ కొనుగోళ్ళ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. 2010 నుంచి అందులో పరిశీలక హోదాలో మాత్రమే ఉంది. ఇటువంటి ప్రాధాన్యం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో బై అమెరికన్ చట్టం 1933 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం కింద దేశీయ వాటా పరిమితిని 2022లో 60 శాతానికి, 2024లో 65 శాతానికి పెంచారు. 2029 నుంచి అది 75 శాతం కానుంది.

ఈ మినహాయింపుకు హద్దులు ఉన్నాయని సౌర విద్యుత్తు వివాదం రుజువు చేసింది. జాతీయ సౌర మిషన్ కింద విద్యుత్తు విక్రయించే సంస్థలు దేశీయ సౌర ఘటాలనే వాడాలన్న షరతును అమెరికా సవాలు చేసింది. ప్రభుత్వం కొంటున్నది విద్యుత్తును గాని సౌర ఘటాలను కాదని, కాబట్టి కొనుగోళ్ళ మినహాయింపు వర్తించదని 2016లో వివాద పరిష్కార సంఘం, అప్పీలు సంఘం తీర్పునిచ్చాయి. అనంతరం రూపొందిన కేంద్ర పథకాలలో ప్రభుత్వ సంస్థలే ప్లాంట్లను నెలకొల్పి, ఆ విద్యుత్తును ప్రభుత్వ అవసరాలకే వినియోగించే చోట దేశీయ ఘటాల షరతు విధించారు. కొనుగోలుదారు ఎవరు, కొనే వస్తువు ఏది అన్న ప్రశ్నలకు సరైన సమాధానం ఉన్నప్పుడే ప్రాధాన్యం నిలుస్తుంది.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల ప్రభావాన్ని కూడా ఉత్పత్తిదారులు గమనించాలి. 2022 మే 1న అమలులోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో ప్రభుత్వ కొనుగోళ్ళపై ప్రత్యేక అధ్యాయం ఉంది. 2025 జులై 24న సంతకాలు జరిగిన బ్రిటన్ ఒప్పందం ప్రకారం, ఆ ఒప్పందం వర్తించే కేంద్ర కొనుగోళ్ళలో 20 శాతం బ్రిటన్ వాటా గల సరఫరాదారులను రెండవ తరగతి స్థానిక సరఫరాదారులుగా పరిగణిస్తారు. ఒకటవ తరగతికి చెందిన ప్రాధాన్యం మాత్రం దేశీయ ఉత్పత్తిదారులకే ఉంటుంది. రెండవ తరగతిలో పోటీ పెరగనున్నందున, విలువలో సగానికి పైగా దేశంలోనే చేకూర్చే దిశగా పరిశ్రమలు కృషి చేయవలసిన అవసరం హెచ్చింది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ప్రభుత్వ టెండర్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిర్వహించే విధానానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే శ్రీకారం చుట్టింది. హైదరాబాదులోని బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, భారత్ డైనమిక్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల చుట్టూ అనుబంధ పరిశ్రమలు విస్తరించాయి. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాలలోని చిన్న యూనిట్లకు ప్రభుత్వ రంగ సంస్థల ఆర్డర్లే తొలి పాఠశాలలయ్యాయి.

వైద్య పరికరాల రంగంలో విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018 డిసెంబరులో ప్రారంభమైంది. ఉత్పత్తి యూనిట్లతో పాటు పరీక్షా కేంద్రాలను ఒకే చోట సమకూర్చడం దీని ప్రత్యేకత. పరికరాన్ని తయారు చేయగలిగినా, దాని నాణ్యతను పరీక్షించి ధ్రువీకరించే సౌకర్యం అందుబాటులో లేకపోతే టెండరులో నిలవడం సాధ్యం కాదు. దేశీయ సామర్థ్యం ఆవశ్యకతను కోవిడ్ విపత్తు అందరికీ తెలియజేసింది. 2020 తొలి నెలలలో నామమాత్రంగా ఉన్న రక్షణ దుస్తుల ఉత్పత్తి, అదే సంవత్సరం మే నాటికి రోజుకు 2 లక్షలకు చేరింది. ప్రభుత్వం నిలకడగా కొంటుందన్న నమ్మకం ఈ వేగానికి ఒక ముఖ్య కారణం.

ఒకే కొనుగోలుదారుపై ఆధారపడడంలోని ముప్పును సిరిసిల్ల అనుభవం తెలియజేస్తుంది. బతుకమ్మ చీరల నేతను తెలంగాణ ప్రభుత్వం 2017లో సిరిసిల్ల మరమగ్గాలకు అప్పగించింది. తొలి సంవత్సరం వ్యవధి చాలక కొన్ని చీరలను సూరత్ నుంచి తెప్పించవలసి వచ్చింది. తరువాతి సంవత్సరాలలో ఈ ఆర్డరు వేలాది కార్మికులకు పని కల్పించింది. అయితే ఆర్డర్లు ఆగి, పాత బకాయిలు నిలిచిపోవడంతో 2024 తొలి నెలలలో మగ్గాలు మూతపడి కార్మిక కుటుంబాలు తీవ్ర ఇబ్బందులకు లోనయ్యాయి. అనంతరం స్వయం సహాయక సంఘాల మహిళల చీరల ఆర్డర్లతో తిరిగి పని లభించింది. కొనుగోలులో ప్రాధాన్యం ఎంత అవసరమో, ఆర్డర్లలో నిలకడ, చెల్లింపులో సమయపాలన కూడా అంతే అవసరమని దీనివల్ల స్పష్టమవుతున్నది.

పోటీని కాపాడడం

ప్రాధాన్యం పేరున పోటీ నశించరాదు. ఒకరిద్దరు ఉత్పత్తిదారులే ఉన్న వస్తువును వారికే ప్రత్యేకిస్తే ధరలు పెరుగుతాయి, నాణ్యత తగ్గుతుంది, ఆ నష్టాన్ని ప్రజలే భరించాలి. ఈ కారణంగానే ఒకటవ తరగతి వారికి ప్రత్యేకించే ముందు తగినంత సామర్థ్యంతో పాటు తగినంత పోటీ ఉందని నిర్ధారించాలని ఉత్తర్వు షరతు విధించింది. నాణ్యత ప్రమాణాలలో దేశీయ ఉత్పత్తిదారుకు ఎటువంటి సడలింపూ లేదు. ఆసుపత్రిలోని రోగికి యంత్రం ఎక్కడ తయారయిందన్న దానికంటే అది సరిగా పనిచేయడమే ముఖ్యం.

ఉత్పత్తిదారులకు సూచనలు

ప్రభుత్వ కొనుగోళ్ళలో పాల్గొనదలచిన ఉత్పత్తిదారులు ఉద్యమ్ నమోదు, జెమ్ నమోదు ముందుగా పూర్తి చేసుకోవాలి. ప్రతి వస్తువుకు విడివిడిగా దేశీయ వాటా లెక్కను, దిగుమతి బిల్లులను, సుంకం రసీదులను భద్రపరచుకోవాలి. ఎల్1 ధరకు తగ్గవలసి వస్తే ఎంత వరకు తగ్గగలరో టెండరు వేయక ముందే నిర్ణయించుకోవాలి. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నాణ్యత పరీక్షలు జరిపించి పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి. వివక్షతో కూడిన షరతులపై సకాలంలో స్పందించాలి. సరఫరా పూర్తయిన నాటి నుంచి 45 రోజుల గడువును గుర్తుంచుకోవాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సొంత ప్రభుత్వానికి సరఫరా చేసిన అనుభవం లేని ఉత్పత్తిదారును విదేశీ కొనుగోలుదారు సులభంగా నమ్మడు. ఆ తొలి అవకాశాన్ని కల్పించడం వరకే ఈ నిబంధనల పని. అవకాశం లభించిన తరువాత ధరలో, నాణ్యతలో, గడువులో నిలబడవలసింది ఉత్పత్తిదారే. టెండరు పత్రాన్ని నిష్పక్షపాతంగా రూపొందించి, ధ్రువపత్రాన్ని శ్రద్ధగా పరిశీలించి, సొమ్మును సకాలంలో చెల్లించవలసిన బాధ్యత కొనుగోలు అధికారులది. ఉభయులూ తమ బాధ్యతను నెరవేర్చినప్పుడే ప్రజాధనం వస్తువును సమకూర్చడంతో పాటు దేశంలో నైపుణ్యాన్ని, ఉపాధిని కూడా పెంపొందించగలుగుతుంది.